నాన్న ఫోటోకు దండ

నవంబర్ 17

ఈ కాలనీలో కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అని ఎవరు తేల్చారో తెలియదు. బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే కిషన్ రావు గారు గేటు దగ్గర ప్రత్యక్షం. కాలనీ సంఘం అధ్యక్షుడైన నాటి నుంచి ఆయన ఎవరింట్లోకీ రారు. గేటు దగ్గరే నిలబడి పనులు పురమాయిస్తారు.

డిసెంబర్ 16 విజయ్ దివస్ అట. డెబ్బై ఒకటి యుద్ధం గెలిచిన రోజు. కమ్యూనిటీ హాల్లో కార్యక్రమం. మన వరంగల్ చుట్టుపక్కల నుంచి సైన్యంలోకి పోయి తిరిగిరాని వాళ్ల ఫోటోలు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి రావాలి, వెనక పాట రావాలి, చూసేవాళ్ల గుండె కరగాలి, కరిగిన గుండెతో చందాలివ్వాలి. ఆ చందాలతో కాళ్లు పోగొట్టుకున్న వాళ్లకు జైపూర్ కాళ్లు పెట్టించే శిబిరం. మంచి పనే, కాదనను. సదానందం అన్న ఆలోచన అది. కార్గిల్‌లో మందుపాతర మీద అడుగేసి మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాడు. ఆ జైపూర్ కాలుతోనే పొద్దున వాకింగ్‌లో రోజూ నన్ను దాటిపోతుంటాడు.

"స్లైడ్ షో మీరే జెయ్యాలె రమ మేడం. సోషల్ టీచరు గదా, యుద్ధాలన్ని మీ చేతులనే ఉంటయి," అన్నారు కిషన్ రావు గారు.

యుద్ధాలు నా చేతుల్లో ఉంటే ఎంత బాగుండేది.

సరే అన్నాను. అక్కడితో నోరు మూసుకుంటే పోయేది. ఆయన ఇంకా కదలకుండా, "ఒక్కటే ఎలితి మేడం, మన కాలనీ నుంచి ఒక్క అమరుడు సుత లేడు," అని వాపోయారు, కాలనీకి మంచినీళ్ల పైపు రాలేదన్నంత బాధగా.

"మా నాన్న ఉన్నాడు," అన్నాను.

నవంబర్ 18

ఎందుకన్నాను?

నవంబర్ 21

చౌరస్తా దగ్గర బెన్నీ స్టూడియోకు వెళ్లాను. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. చేయి తిరిగినవాడే. మా ఆడబిడ్డ కూతురి పెళ్లి వీడియోలో పెళ్లికొడుకును స్విట్జర్లాండ్ మంచు మీద నడిపించింది ఇతనే. వచ్చిన ఫోటోలు ఇచ్చి ఏం కావాలో చెప్పాను. "ఫికర్ జెయ్యకు అక్కా, గంటల చూపెడుతా," అన్నాడు. గంటలో నిజంగానే చూపించాడు.

ఒక జవాను ముఖం గులాబీ రేకులుగా విడిపోయి, ఆ రేకుల్లోంచి ఇంకో జవాను ముఖం వచ్చింది. మూడో ఫోటో రెండు గుండె బొమ్మల మధ్య నుంచి తేలుతూ వచ్చింది.

"బెన్నీ, వీళ్లకు పెళ్లి కాదు."

"తెలుసక్కా. అందుకే స్లోగ పెట్టిన."

గుండె బొమ్మలు తీయించడానికే సాయంత్రమైంది. రేకులు మాత్రం ఉండనివ్వమని బతిమాలాడు. పూలే కదా అక్కా అన్నాడు. అదీ నిజమే. నాకు ఓపిక లేక సరే అన్నాను.

నవంబర్ 22

అమ్మను ఫోటో అడిగాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఎందుకు?"

"కాలనీల ప్రోగ్రామ్ ఉన్నదమ్మా. మిలిటరీ వాళ్ల ఫోటోలు చూపెడుతరు."

"అందరియా?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం ఆడితే సరిపోయేది. పాఠం చెప్పే నోరు కదా, ఊరుకోదు. "యుద్ధంల పోయినోళ్లయి," అన్నాను.

"మీ నాయిన పోయిండని ఎవలు జెప్పిండ్రు నీకు?"

"సర్కారు చెప్పింది గదమ్మా."

"సర్కారు కనబడుతలేడన్నది. పోయిండనలే. కనబడనోడు పోయినోడా? నా కండ్లద్దాలు పొద్దుగాల్నుంచి కనబడుతలేవు. పోయినయా?"

"నెత్తి మీదనే ఉన్నయి."

చేత్తో తడుముకుని చూసుకుంది. "ఇగో, ఉన్నయి గదా," అంది, కేసు గెలిచినట్టు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే. నాన్న దసరాకు సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లాడు. డిసెంబర్‌లో పడమటి సరిహద్దులో ఏదో నది దాటుతుండగా కనబడకుండా పోయాడు. ఆ తర్వాతి ఎండాకాలం నేను పుట్టాను. అమ్మ పుస్తెలు తీయలేదు, మెట్టెలు తీయలేదు, బొట్టు తీయలేదు. ఫ్యామిలీ పింఛను వస్తే "మీ నాయిన జీతం వచ్చింది" అంటుంది. దసరా దసరాకు ఆయనకొక చొక్కా కొంటుంది. ఉంటే ఇప్పుడు ఎనభైకి దగ్గర పడేవాడు. ఆమె కొనే చొక్కా మాత్రం పాతికేళ్ల పిల్లవాడి కొలత. పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇస్తుంది. అత్త పేరు మీద ఒక చాట, మామ పేరు మీద ఒక చాట. మొండయ్య అనే నాన్న పేరు అయ్యగారి ముందు ఎన్నడూ ఎత్తదు, నన్ను ఎత్తనివ్వదు.

నా పెళ్లిలో మగపెళ్లివారి ఆడవాళ్లు, ఆమె పసుపు ముట్టవచ్చా లేదా అని గుసగుసలాడుకున్నారు. అమ్మ అందరికంటే ముందు వెళ్లి పసుపు కొమ్ములు దంచింది. అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పటికీ ఆమె ఏ పేరంటానికి బయల్దేరినా, పిలిచారా లేక తనే పోతోందా అని నాకు భయం.

నవంబర్ 23

ఇక అడగను. ఆమె ఫోటో, ఆమె ఇష్టం. నాకేం పట్టింది.

నవంబర్ 25

అడిగాను. ఇవ్వలేదు.

నవంబర్ 27

ములుగు నుంచి కమల గారు బస్సులో వచ్చారు. కొడుకు కశ్మీర్‌లో పోయాడు. ఫోటోను తువాలులో చుట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చారట. వాట్సాప్‌లో పంపితే చాలమ్మా అని చెప్పాను కదా అంటే, "ఫోన్ల వాని మొకం గింత అయితది బిడ్డా, మంచిగుండదు," అన్నారు.

చాయ్ ఇచ్చాను. ఫోటోను బల్ల మీద నిలబెట్టి, దాని ముందు కూర్చుని తాగారు. దానికి ప్లాస్టిక్ దండ, నుదుట కుంకుమ. వాడు చిన్నప్పుడు రేగుపళ్ల కోసం ఎవరి చేనులో దూరి తన్నులు తిన్నాడో చెప్పి నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ముక్కు తుడుచుకుని, "పోయిన వారం వాని తిథి. గారెలు జేసి పెట్టిన. మస్తు ఇష్టముండె," అన్నారు.

ఆమెను చూస్తే నాకు ఈర్ష్య కలిగింది. కొడుకు పోయిన తల్లిని చూసి ఈర్ష్య. ఇలాంటి మాట మనిషన్నవాళ్లకు చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు గారెలు పెట్టడానికి ఒక రోజుంది. మాకు లేదు. మా నాన్నకు ఏం ఇష్టమో అమ్మ చెబుతుంది కానీ, "వచ్చినంక జేసిపెడుతా" అంటుంది. వచ్చేదెప్పుడు, మేం తినేదెప్పుడు?

అమ్మ తన గదిలోంచి బయటికి రాలేదు. తలుపు సందులోంచి చూస్తోందని నాకు తెలుసు.

నవంబర్ 29

పాట దగ్గర గొడవ. మీటింగ్ నా వరండాలోనే, ఎందుకంటే అధ్యక్షుల వారు ఇంట్లోకి రారు.

కిషన్ రావు గారికి డప్పులతో, హుషారుగా, జనం లేచి నిలబడేలాంటి పాట కావాలి. సదానందం అన్నకు పాటే వద్దు. చివర్న బ్యూగిల్ ఒక్కటి చాలు. "పాట పెడితె జనం పాట ఇంటరు సార్, మొకాలు జూడరు," అన్నాడు. బెన్నీ ఫోన్‌లో ఒక సన్నాయి వినిపించాడు. ఎక్కడో విన్నానే అనుకున్నాను. అప్పగింతలప్పుడు పెట్టేది.

"ఏడుపు గ్యారంటీ అక్కా. గిది పెట్టినంక ఏడ్వనోళ్లను నేనింతవరకు జూడలే," అన్నాడు బెన్నీ.

"చందా ఇచ్చేటోళ్లకు ఉత్సాహం రావాలె గాని ఏడుపెందుకయ్యా?" అని కిషన్ రావు గారు.

"చచ్చినోళ్లను జూసి ఉత్సాహం ఎట్లొస్తది సార్?" అని సదానందం అన్న.

నాకు తలనొప్పి వచ్చింది. నది నీళ్ల చప్పుడులా మెల్లగా వేణువు ఒకటి పెట్టించాను. ఎవరికీ నచ్చలేదు. అందరికీ సమానంగా నచ్చలేదు కాబట్టి అదే ఖాయం.

పోతూ పోతూ కిషన్ రావు గారు, "మేడం, మీ ఫాదర్ గారి ఫోటో ఇంకా రాలే. ఫ్లెక్సీల పేరు సుత ఏసినం," అన్నారు.

డిసెంబర్ 1

తీసుకున్నాను.

అమ్మ గుడికి పోయినప్పుడు గోడ మీది నుంచి దించి, ఫోన్‌తో ఫోటో తీసి, మళ్లీ తగిలించాను. దొంగతనం కాదు. ఆయన నాకూ నాన్నే.

ఆ ఒక్క ఫోటోనే ఉంది. పెళ్లయిన కొత్తలో పరకాల స్టూడియోలో దిగింది. నాన్న కుర్చీలో, తెల్ల చొక్కా, చేతులు మోకాళ్ల మీద. అమ్మ పక్కన నిలబడి కుర్చీ అంచు పట్టుకుని ఉంది. కుర్చీ ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు గట్టిగా. బెన్నీకి పంపి నాన్న వరకే కోసి పెట్టమన్నాను. దండ సంగతి తర్వాత చెప్తాను, ఇప్పుడే వేయకు అన్నాను.

డిసెంబర్ 3

బెన్నీ నాన్నకు యూనిఫాం తొడిగాడు. నేను అడగలేదు. అధ్యక్షుల వారు అడిగారట.

"తెల్లంగి మీదుంటే మిలిటరీ ఆయిన అని ఎట్ల తెలుస్తదక్కా? నా దగ్గర డ్రెస్సులన్ని ఉన్నయి. సూటు, షేర్వాణి, పోలీసు, మిలిటరీ," అన్నాడు. ఊళ్లలో ఎవరైనా పోయినప్పుడు మంచి ఫోటో లేకపోతే, పాత ఫోటోలోంచి తల తీసి సూటు మీద అతికించి ఇస్తాడు. సగం వరంగల్ గోడల మీద తాతలు అదే సూటులో ఉన్నారు.

సదానందం అన్న చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. "ఇదేంది చెల్లె? సిపాయిని కెప్టెన్ జేసిండ్రు. మూడు స్టార్లు. ఇట్లైతె నేను మీ నాయినకు సెల్యూట్ కొట్టాలె."

కొట్టరాదూ అని నోటిదాకా వచ్చింది. యూనిఫాం తీయించాను. నాన్న మళ్లీ తెల్ల చొక్కాలోకి వచ్చాడు.

డిసెంబర్ 4

అమ్మ మాట్లాడటం లేదు. ఫోటో గురించి తెలిసిందా? తెలియదు. తెలిస్తే అరుస్తుంది కదా. చలికి ఒంట్లో బాగాలేదేమో.

డిసెంబర్ 7

ఇవాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

సదానందం అన్న ఇంట్లో ట్రయల్. పెద్ద టీవీ ఉంది వాళ్లకు. ఆయన భార్య వరలక్ష్మి వదిన వేడివేడి మిర్చి బజ్జీలు చేసింది. కిషన్ రావు గారు కూడా ఈసారి లోపలికే వచ్చారు, బజ్జీల వాసనకు గేటు నియమం గుర్తుకు రాలేదు. బెన్నీ పెన్ డ్రైవ్ పెట్టాడు. వేణువు మొదలైంది.

బాగుంది. ఒప్పుకోవాలి. ప్రతి ఫోటోకూ బంతిపూల దండ పైనుంచి మెల్లగా జారి పడుతుంది, కింద దీపం వెలుగుతుంది, నుదుట బొట్టు వస్తుంది. కమల గారి కొడుకు వచ్చినప్పుడు వరలక్ష్మి వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాత యుద్ధాల వాళ్లు, కొత్త వాళ్లు, అందరూ వచ్చారు. రేకులు రాలాయి. ఆ రేకుల్లోంచి సదానందం అన్న వచ్చాడు.

యూనిఫాంలో, పతకాలతో. దండ జారి మెడలో పడింది. దీపం వెలిగింది. కింద అక్షరాలు: స్వర్గీయ హవల్దార్ సదానందం.

వేణువు సాగుతూనే ఉంది. అన్న నోట్లో సగం బజ్జీ ఉంది.

"ఓరి నీ చేతులు ఇరగ! నా మొగడు నీ ముంగట్నే కూసోని బజ్జీలు తింటాండు గదరా!" అని వదిన లేచింది. పళ్లెం కింద పడింది.

"ఫోల్డర్ మొత్తానికి ఒక్కపారే ఏసినక్కా! శ్రద్ధాంజలి అని రాసున్నది గదా, అందరు అండ్లనే అనుకున్న!" బెన్నీ అప్పటికే గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. ముందు మాట చెప్పే మనిషిగా అన్న ఫోటో ఇచ్చింది నేనే. వేరే ఫోల్డర్‌లో వేయమని చెప్పనేలేదు. ఆ సంగతి మాత్రం నేను బయటపెట్టలేదు.

వదిన ఉప్పు, మిరపకాయలు తెచ్చి ఆయన చుట్టూ తిప్పి, పొయ్యిలో వేసింది. ఘాటుకు కిషన్ రావు గారు దగ్గుతూ, ఇది కమిటీ తప్పు కాదని మినిట్స్‌లో రాయాలన్నారు. అన్న ఒక్కడే నింపాదిగా బజ్జీ మింగి, "దండ మంచిగనే ఉన్నది. నాకు సరిపోయింది," అన్నాడు. దాంతో వదిన మళ్లీ మొదలుపెట్టింది.

ఆ గోలలో తర్వాతి ఫోటో ఎవరూ చూడలేదు. నాన్న. బంతిపూల దండతో. నేను వద్దన్న దండ. దీపం ఆయన గడ్డం కింద వెలుగుతోంది. నేను చూశాను. బాగానే ఉంది.

బయట బెన్నీని పట్టుకుని సదానందం అన్న దండ వెంటనే తీసేయమన్నాను. నాన్నది తీయమని చెప్పడం మరిచిపోయాను.

డిసెంబర్ 8

అమ్మ మౌనం భరించలేక నిన్నటి సంగతి చెప్పాను. బెన్నీ పరుగు దాకా వచ్చేసరికి నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నీళ్లిచ్చాను. ఇన్ని రోజులకు ఇంట్లో ఒక మనిషి గొంతు.

నీళ్లు తాగి, "తర్వాత ఏమైంది ఆయినకు?" అంది.

"ఎవలకు?"

"గా సదానందం సారుకు. దండ పడ్డంక."

"ఏమైతది? ఇంకో నాలుగు బజ్జీలు తిన్నడు."

"జరం గిట్ల రాలేదా?"

"రాలేదమ్మా."

"ఎక్కడన్న పడలేదా?"

"పడలేదు!"

ఊఁ అని ఊరుకుంది.

డిసెంబర్ 9

పొద్దున్నే, నేను బడికి తయారవుతుంటే, "ఇయ్యాల సుత మంచిగనే ఉన్నడా ఆయిన?" అని అడిగింది. వాకింగ్‌లో నన్ను దాటిపోయాడని చెప్పాను. సాయంత్రం మళ్లీ అడిగింది. నాకు విసుగొచ్చింది. ఆయన ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ వాళ్ల దవాఖాన డాక్టర్‌కు కూడా ఉండదు.

డిసెంబర్ 10

స్టాఫ్ రూంలో ఉండగా వరలక్ష్మి వదిన ఫోన్. "రమా, మీ అమ్మ ఆటోల మా ఇంటికొచ్చింది. అరటిపండ్లు తెచ్చింది. ఈయనను ఎదురుంగ కూసోబెట్టుకోని, తింటానవా కొడుకా, పండుకుంటానవా, కడుపుల మంచిగుంటాందా అని అడుగుతాంది. ఏమన్నయిందా ఆమెకు?"

ఏమీ కాలేదు వదినా అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ను లేచి నడవమందట కూడా. పాపం, అన్న ఆ కాలుతో వరండా అంతా నడిచి చూపించాడట.

డిసెంబర్ 12

అమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఏదో తేల్చుకున్నప్పుడు కొంగు నడుముకు చుట్టుకుంటుంది. చుట్టుకుని ఉంది.

"మీ నాయిన ఫోటో తీసుకపోయినవు గదా."

నేను ఏదో అనబోయాను.

"నాకెర్కనే. వంకరగ తగిలిచ్చినవు. గా పనన్న సక్కగ రాదు నీకు." ఆగింది. "దండేసిండ్రా ఆయినకు?"

అబద్ధం చెప్పే వీలు ఉండింది. చెప్పలేదు. "ఏసిండ్రు," అన్నాను.

కోపం కోసం ఎదురుచూశాను. రాలేదు.

"ఉండనియ్యి," అంది.

ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంది. ఇక పెత్రమాసకు నాన్న పేరు చెప్పవచ్చు. ఆయనకంటూ ఒక రోజు ఉంటుంది, ఆ రోజున ఇష్టమైనవి వండి పెట్టవచ్చు. కమల గారిలా ఫోటో ముందు కూర్చుని చాయ్ తాగవచ్చు. అన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. అమ్మ చేయి పట్టుకున్నాను.

"గా సదానందం సారుకు దండేసి, దీపం పెట్టి, స్వర్గీయ అని సుత రాసిండ్రు గదా," అంది అమ్మ. "ఏమన్నయిందా? ఏంగాలే. నేను పోయి జూసొచ్చిన గదా. రాయోలె ఉన్నడు. దండ పడంగనే మనిషి పోడు బిడ్డా. ఉత్తగ భయపడ్డ ఇన్నేండ్లు. ఏసుకోనియ్యి వాళ్లను. ఆయినకేంగాదు."

చేయి వదిలేశాను.

"అది కాదమ్మా..." అన్నాను.

"ఏది కాదు?"

ఏది కాదో ఎలా చెప్పను? డెబ్బై రెండేళ్ల మనిషి ఆటో కట్టించుకుని పోయి, పరిశోధన చేసి, ఫలితం తెచ్చింది. నాకు దండ దక్కింది. దండ వెనకున్నది దక్కలేదు. కోపంతో ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ మనిషితో వాదించి నేను ఒక్కసారి కూడా గెలవలేదు. ఇవాళ గెలిచి కూడా ఓడిపోయాను.

"ఒక్కటే మాట," అంది. "నన్ను గోసేసినవట గదా ఫోటోల నుంచి, సదానందం సారు జెప్పిండు. గది మాత్రం ఊకోను. ఇద్దరం ఉండాలె."

డిసెంబర్ 13

బెన్నీ: "జోడి ఫోటోకు ఒక్కనికే దండ ఎట్ల ఎయ్యాలె అక్కా? నా టెంప్లేట్ల ఇద్దరికి పడుతది."

అమ్మకు పడకుండా చూడమని చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను. అరిచానని బెన్నీ అంటున్నాడు.

డిసెంబర్ 15

ఫ్లెక్సీ కట్టారు. 'మన కాలనీ ముద్దుబిడ్డ అమరజవాన్ మొండయ్య'. మా నాన్న ఈ కాలనీ పేరు కూడా వినలేదు. ఆయన ఉన్నప్పుడు ఇక్కడ జొన్నచేలు. కిషన్ రావు గారి ఫోటో నాన్న ఫోటో కంటే పెద్దగా ఉంది.

అమ్మ రేపటికి పట్టుచీర తీసింది. ఎర్ర అంచుది. అది వద్దమ్మా అన్నాను. "ఎందుకొద్దు?" అంది. నాకు అలసటగా ఉంది. ఈ పని ఒప్పుకున్న రోజును తిట్టుకుంటున్నాను.

డిసెంబర్ 16

హాలు నిండింది. ఇంత మంది వస్తారనుకోలేదు. జైపూర్ కాళ్లు కావలసిన వాళ్లే ముందు వరుసలో కూర్చున్నారు, కర్రలు గోడకు ఆనించి. కిషన్ రావు గారు చాలాసేపు మాట్లాడారు. సదానందం అన్న ఒక్క నిమిషం మాట్లాడాడు, ప్యాంటు పైకి లాగి కాలు చూపించి కూర్చున్నాడు.

అమ్మ నా పక్కన. పట్టుచీర, నిండుగా బొట్టు, చేతులకు గాజులు. వెనక వరుసలో ఎవరో "ఈమెనా మొండయ్య భార్య?" అనడం, ఇంకెవరో నెమ్మదిగా ఏదో చెప్పడం వినబడింది. ఎప్పటిలాగే నాకు మెడ మండింది. అమ్మకు వినబడలేదు, లేక వినబడనట్టు కూర్చుంది.

లైట్లు ఆర్పారు. వేణువు. ఒక్కొక్కరే వచ్చారు. కమల గారు కొడుకును చూడగానే చప్పుడు చేయకుండా రెండు చేతులూ జోడించారు. అమ్మ ముందుకు వంగి ప్రతి ముఖాన్నీ చూసింది. "పొల్లగాండ్లు... అంతా పొల్లగాండ్లే," అంది ఒకసారి.

రేకులు రాలాయి. పరకాల స్టూడియో వచ్చింది.

అంత పెద్దగా నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. గోడ మీద అరచేయంత ముఖం. ఇక్కడ గోడంత. ఎడమ కనుబొమలో చిన్న సుడి ఉంది. నాకూ అక్కడే ఉంది, వెంట్రుకలు అటు తిరిగి ఉంటాయి. యాభై మూడేళ్లు అద్దంలో చూసుకుంటున్నాను, అది ఎవరిదో తెలియలేదు. పక్కన పదహారేళ్ల పిల్ల, కుర్చీ వదలకుండా. దండ జారింది. బెన్నీ కష్టపడ్డాడు, ఆమె మీద ఒక్క రేకు కూడా పడలేదు. ఆయన మెడలోనే పడింది.

"సిపాయి మొండయ్య," అని మైకులో చదివారు. "అమర్ రహే," అన్నారు జనం. అందరూ లేచి నిలబడ్డారు.

నేనూ లేచాను. నాకు ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు, చిన్నపిల్లలు ఏడ్చేది, ఊపిరి అందనిది. మా నాన్న చనిపోయాడు. నేను పుట్టకముందే చనిపోయాడు. ఇది నాకు ఎప్పుడూ తెలుసు, కానీ నేను ఏడవడం ఇదే మొదటిసారి. హాలు నిండా మనుషులు నా కోసం నిలబడి ఉన్నారు. ఇక ఎవరు ఆపుతారు అనుకున్నాను.

అమ్మ నా మోచేయి పట్టుకుంది. కుర్చీ అంచు పట్టుకున్నంత గట్టిగా. దగ్గరికి లాగి, చెవిలో, కంగారుగా అంది:

"ఏయ్, ఏడ్వకు బిడ్డా. నువ్వేడిస్తె అందరు నిజమే అనుకుంటరు."

ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ముందు వరుస, వెనక వరుస, అందరినీ చూసింది. తన కొంగుతో నా ముఖం తుడిచింది, గబగబా, ఎవరి కంటా పడకుండా.

నేను ఏడుపు ఆపాను.